దొడ్డిదాకా వచ్చిన ప్రమోషన్

"నా కొత్త క్యాను యాడ?" అని యమున వంటింట్లోంచి అడిగింది.

సురేంద్ర పెరటి గదిలో ఉన్నాడు. నిద్ర లేచినప్పటినుంచి బస్సెక్కేదాకా ఎక్కువసేపు అక్కడే ఉంటాడు కనుక, ఆ ఇంట్లో పొద్దుటి సంభాషణలన్నీ తలుపుకు అటొకరూ ఇటొకరూ ఉండే జరుగుతాయి.

"నా బ్యాగులో ఉండాది," అన్నాడు లోపలినుంచే.

"పాతది ఉండాది గదా?"

"దాని పిడి ఊడిపొయింది. పిడి లేని క్యాను చంకన పెట్టుకోని పోతాంటే అందరూ నన్నే సూస్తాండారు."

"కొత్తది పట్టుకోని పోతే సూడరా?"

"సూస్తారు. పాలనుకుంటారు."

ఆ మాటలో న్యాయం లేకపోలేదని యమునకూ తోచింది. అయినా మూత బిగువుగా పట్టే క్యాను కోసం మదనపల్లెలో అంగళ్ళన్నీ తిరిగి తెచ్చుకున్నది తను.

"సరే, తీసుకోండి. ఇంక అది ఈ గడప తొక్కకూడదు. కడిగినా తొక్కకూడదు, బూడిదేసి తోమినా తొక్కకూడదు."

"స్టీలుకు అంటు ఏముంటాదే?"

"స్టీలుకు లేదు. నాకుండాది."

వసారాలో రాగులు చెరుగుతున్న అత్తగారు కుప్పమ్మ చేట దించింది. "పొద్దున్నే చెంబు కోసరం కొట్లాడే మొగుడూ పెండ్లాల్ని ఈ ఇంట్లోనే సూస్తాండా," అని మళ్ళీ చేట ఎత్తుకుంది.

సురేంద్రకు కడుపు కట్టు తప్పి కొన్నేళ్ళయింది. మొదటి డాక్టరు అమీబియాసిస్ అన్నాడు. రెండో ఆయన గ్యాస్ అన్నాడు. వాయల్పాడు వైద్యుడు గ్రహణి అన్నాడు. చివరి డాక్టరు పేగులు బంగారంలా ఉన్నాయనీ, మనిషే ఎక్కువ ఆలోచిస్తున్నాడనీ అన్నాడు. కారం, ఇక్కడ చెనిగ్గింజలనే వేరుశెనగలు మానాలన్న ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. ఆ రెండూ లేకుండా ఈ ప్రాంతంలో వంట చేయడమంటే ఏమిటో వాళ్ళెవరూ చెప్పలేదు. యమున మిగతావాళ్ళకు ఒక వంట, అతనికొక వంట చేస్తూ వచ్చింది. ఆమె చేసిన పెసరపప్పులో ఉప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. అది తిన్నాకయినా కడుపు కుదురుగా ఉంటుందా అంటే, దాని ఇష్టం.

ఇంట్లో ఎలాగో గడిచేది. అసలు కష్టమంతా ఆఫీసులో. సురేంద్ర పుంగనూరులో ఒక ప్రైవేటు డెయిరీ వారి పాల సెంటరులో టెస్టరు. రైతులు తెచ్చిన పాలలో వెన్న ఎంతో, నీళ్ళెంతో చూసి చెప్పాలి. అక్కడి లెట్రిన్ తూకం వేసే హాలుకు ఆనుకునే ఉంది. రేకు తలుపు, గడియ లేదు. లోపలివాళ్ళు తలుపుకు కట్టిన తాడును ఒక చేత్తో పట్టుకుని కూర్చోవాలి. లోపల ఏం జరిగినా ఆ రేకు హాలంతటికీ వినిపించేది. తూకం వేసే గంగులయ్య కాటా ఆపి, "ఎవురప్పా లోపల, టెంపో స్టార్టు చేస్తాండారా?" అని కేకేసేవాడు. క్యూలో ఉన్న రైతులందరూ నవ్వేవాళ్ళు.

ఆ నవ్వు రెండుసార్లు విన్నాక సురేంద్ర ఆ వైపు వెళ్ళలేదు. సెంటరు వెనక సందులో రెడ్డెమ్మ అనే ముసలామె నాలుగావుల్ని సాకుతోంది. ఆమె ఆవుల దొడ్డి పక్కన ప్రభుత్వం వారు కట్టించి ఇచ్చిన లెట్రిన్ ఒకటుంది. ఇంటి పక్కనే ఆ పని చేస్తే లక్ష్మి నిలవదని రెడ్డెమ్మ దాని నిండా పిడకలు పేర్చింది. ఒకనాడు ఇక ఆగలేని స్థితిలో సురేంద్ర ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె అతని మొహం చూసి, మారు మాట్లాడకుండా పిడకలన్నీ బయటికి వేసింది.

ఆ తలుపుకు లోపల గడియ ఉంది. ఆ గడియ పడగానే సురేంద్రకు కలిగిన నెమ్మది పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ సంగతి యమునకు చెప్పలేదు. అక్కడ నీళ్ళు మాత్రం ఉండవు. సెంటరు కొళాయి దగ్గర క్యాను నింపుకుని వెళ్ళాలి. పాల సెంటరులో ఒక మనిషి పాల క్యానుతో నడిస్తే ఎవరూ రెండోసారి చూడరు.

ఇలా జరుగుతుండగా కొత్త మేనేజరు వచ్చాడు. పేరు సిద్దప్ప, ఊరు మండ్య. కన్నడం, ఇంగ్లీషు బాగా వచ్చు. తెలుగు అప్పుడప్పుడే వస్తోంది. మనిషి గంభీరం. ఎప్పుడూ నుదుటిమీద కాస్త చెమట.

వచ్చిన రోజే, "టెస్టర్ ఎల్లి?" అని అడిగాడు.

"దొడ్డికి పొయినాడు సార్," అన్నాడు గంగులయ్య, మనసులో ఏ కల్మషమూ లేకుండా.

కన్నడంలో దొడ్డి అంటే పశువుల దొడ్డి. తెలుగులోనూ అదే. కానీ ఒక మనిషి దొడ్డికి పోయాడంటే మనవాళ్ళెవరూ పశువుల కోసం వెతకరు. సిద్దప్ప కిటికీలోంచి చూశాడు. టెస్టరు చేతిలో పాల క్యానుతో ఆవుల దొడ్డివైపు నడుస్తున్నాడు. నడుస్తున్నాడు అనడానికి లేదు, దాదాపు పరుగు.

"హౌదా! అలాగా!" అన్నాడు సిద్దప్ప. అతని ఉద్యోగ జీవితంలో రైతు దగ్గరికి పరుగెత్తే ఉద్యోగిని చూడడం అదే మొదలు.

తరవాత ఎప్పుడడిగినా అదే జవాబు వచ్చింది. పొద్దున దొడ్డికి, మధ్యాహ్నం దొడ్డికి, ఇంటికి బయలుదేరేముందు మళ్ళీ దొడ్డికి. నెలాఖరు మీటింగులో సిద్దప్ప లేచి నిలబడ్డాడు.

"సురేంద్రను చూడండి. చెప్పకుండానే దొడ్డికి పోతాడు. దినానికి మూడు సారి, నాలుగు సారి పోతాడు. మీరు పోతారా?"

"పోతాము సార్," అన్నాడు గంగులయ్య వినయంగా. "అయితే పొద్దున ఒక్కతూరే."

"ఒక్క సారి సాలదు! ఇతని మాదిరి పోవాలి. మనసు పెట్టి పోవాలి!"

హాలంతా తలలు వంచుకుని, నవ్వాపుకోలేక భుజాలు కదిలించింది. సురేంద్ర చేతిలో ఉన్న ల్యాక్టోమీటరును చూస్తూ కూర్చున్నాడు. ఒక్క వాక్యం చెబితే ఈ గొడవ తీరిపోతుంది. ఆ వాక్యాన్ని అతను రోజూ బస్సులో మనసులో తయారుచేసుకునేవాడు. పుంగనూరు బస్టాండులో దిగేసరికి అందులో ప్రతి మాటా సిగ్గుమాలినదిగా తోచేది.

పది రోజుల తరవాత సిద్దప్ప అతన్ని గదిలోకి పిలిచాడు. "హెడ్డాఫీసుకు ఫోన్ చేసినాను. నీకు ఫీల్డ్ సూపర్‌వైజర్. కుప్పం సైడు. రామకుప్పం, ఆ పక్క పల్లెలు అన్నీ నీవే. మోపెడ్ ఇస్తారు. ఇంక పొద్దుటినుంచి సాయంత్రం వరకూ దొడ్డే!"

సురేంద్ర కళ్ళముందు రామకుప్పం పల్లెలు కనిపించాయి. ప్రతి గడపలోనూ సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి పెట్టి తినమని బలవంతం చేసే అమ్మలు. కనుచూపు మేర రాగి చేలు. ఒక్క తలుపు లేదు, ఒక్క గడియ లేదు.

"సార్, నాకు మోషన్స్ సార్..."

"అదే, ప్రమోషన్!"

"అది కాదు సార్. లూజు..."

"లూజ్ ఏమీ లేదు. హెడ్డాఫీసుతో టైటుగానే మాట్లాడినాను."

బయటికి వచ్చాక గంగులయ్య ఓదార్చాడు. "పోనీలే సురేంద్రా. అయితే ఆ పక్క చెట్ల సాటుకు పొయ్యేటప్పుడు సూసుకోని పో. ఏనుగులొస్తాంటాయంట. చెంబు ఆడనే పారేసి పరిగెత్తాల."

ఇంట్లో ఈ వార్త విని కుప్పమ్మ చక్కెర డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. "ఊరికే బయటికి పోతాంటాడని వాణ్ణి తిడ్తాంటి. ఆ పోవడమే అక్కరకొచ్చింది తల్లీ," అని పక్కింటామెకు చెప్పింది. కథ మొత్తం తెలిసిన యమున మాత్రం గోడకానుకుని నిలబడింది.

"మీరు చెప్పకపోతే నేనొచ్చి చెప్తా."

"ఏమని?"

"మా ఆయనకు కడుపు బాగలేదని."

"దాన్ని చెప్పడానిక్కూడా పెండ్లాన్ని తోడు తెచ్చుకున్నాడంటారు. వద్దులే. రేపు పాలు రాకముందే ఒంటరిగా నేనే చెప్తా."

సురేంద్ర ఏ నిర్ణయం తీసుకున్నా అతని కడుపుకు ముందు తెలిసిపోతుంది. మర్నాడు బస్సు పుంగనూరు చేరేసరికి మేనేజరు గది దాకా వెళ్ళే ఓపిక లేదు. కొళాయి దగ్గర క్యాను నింపుకుని నేరుగా రెడ్డెమ్మ దొడ్డికి పోయాడు.

కాసేపటికి సిద్దప్ప పూలదండతో వచ్చాడు. జేబులో హెడ్డాఫీసు ఆర్డరు ఉంది. "సురేంద్ర ఎల్లి?"

"దొడ్డికి సార్."

"చాలా మంచిది! అక్కడే ఇద్దాము. పది మంది రైతుల ముందర."

గంగులయ్య కాటా వదిలేసి అడ్డం వచ్చాడు. పరాచికాలు ఆడాడే గాని చెడ్డవాడు కాదు. "వద్దు సార్, ఆయప్పనే రానీండి. పొయినకాడికి మనం పోకూడదు సార్." సిద్దప్ప వినలేదు. పూలదండ ముందు నడిచింది. క్యూలో ఉన్న రైతులు, ఎక్కడో దాణా మూటలు పంచుతున్నారనుకుని, క్యాన్లు పట్టుకుని వెంటపడ్డారు.

రెడ్డెమ్మ పేడ ఎత్తుతూ ఈ జనాన్ని చూసి లేచింది.

"సురేంద్ర ఇక్కడేనా?" అన్నాడు సిద్దప్ప.

"ఈడనే. లోపలుండాడు." పక్కనున్న ఇటుకల గదిని చూపించింది. సిద్దప్ప దాన్ని గడ్డి దాచే గది అనుకున్నాడు.

"ఏమి చేస్తాండాడు?"

చదువుకున్నవాడు అడిగే ప్రశ్నేనా ఇది అనుకుంది రెడ్డెమ్మ. "ఆయప్ప పని ఆయప్ప సేసుకుంటాండాడు సామీ."

"దినమూ వస్తాడా?"

"ఆదివారం తప్ప."

"చాలాసేపు ఉంటాడా?"

"శానాసేపు. పాపం, శానా కష్టపడతాడు."

సిద్దప్ప రైతులవైపు తిరిగాడు. "విన్నారా? ఇదే సేవ అంటే! తలుపు మూసుకొని, పేరు కోసం కాకుండా, ఒక్కడే కష్టపడేది! చప్పట్లు!"

రైతులు చప్పట్లు కొట్టారు. లోపల సురేంద్రకు అన్నీ వినిపిస్తున్నాయి. జీవితంలో మొదటిసారి తనకోసం ఇంతమంది చప్పట్లు కొడుతున్నారు. లేచి నిలబడే స్థితిలో మాత్రం లేడు. ఎంతసేపు ఆగినా ఎవరూ కదిలేటట్టు లేరని అర్థమయ్యాక, చేసేది లేక, క్యాను వంచాడు. వీలైనంత మెల్లగానే వంచాడు. కానీ ఆ నీళ్ళ శబ్దం ఏమిటో తెలియని రైతు ఎవరుంటారు? చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరిదాకా కొట్టినవాడు సిద్దప్ప ఒక్కడే.

గడియ తీసిన చప్పుడైంది. సురేంద్ర ఖాళీ క్యానుతో బయటికి వచ్చాడు. దండ ఎత్తిన చేతులతో సిద్దప్ప అతని భుజం మీదుగా లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"దొడ్డి అంటే..."

"రెండూ దొడ్లే సామీ," అంది రెడ్డెమ్మ. "అది ఆవులది, ఇది ఆయప్పది."

గంగులయ్య దగ్గాడు. సిద్దప్ప చేతిలోని దండను ఏం చేయాలో తెలియక దగ్గరున్న ఆవు మెడలో వేశాడు. పక్కనున్న ఆవు దాన్ని తినడం మొదలుపెట్టింది. "పోండి, పోండి, పాలు చెడిపోతాయి," అని సిద్దప్ప రైతులను పంపేశాడు.

"సార్, నిన్ననే చెప్పల్లనుకున్నా..." అన్నాడు సురేంద్ర నేల చూస్తూ. తన పని అయిపోయిందనుకున్నాడు. ఇంక ఆ సెంటరులో తలెత్తుకుని తిరగడం కల్ల.

సిద్దప్ప చెయ్యెత్తి ఆపాడు. నుదుటిమీద చెమట ఎక్కువైంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "లోపల గడియ ఉందా?"

"ఉండాది సార్."

"గట్టిగా పడుతుందా?"

"పడతాది సార్."

సిద్దప్ప క్యాను కోసం చెయ్యి చాచాడు. "మీ ఊరి నీళ్ళు, మీ ఊరి కారం... వచ్చినప్పటినుంచి..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తిచేయలేదు. సురేంద్ర క్యాను నింపడానికి పరుగెత్తాడు.

ఆ సాయంత్రం సిద్దప్ప ఎంతో ప్రేమగా, "నీకు కష్టమైతే కుప్పం వద్దు. ఆదివారం వరకూ ఆలోచించుకో," అన్నాడు. సురేంద్ర మనసు తేలికపడింది. ఇంటికొచ్చి యమునతో, ఇంత మంచి మేనేజరు ఎక్కడా ఉండడన్నాడు.

మర్నాడు రెడ్డెమ్మ దొడ్డికి వెళ్తే తలుపు మూసి ఉంది. లోపల సిద్దప్ప. మధ్యాహ్నం మళ్ళీ సిద్దప్ప. ఆ మరుసటి రోజు సురేంద్రే ముందు దూరి గడియ వేసుకున్నాడు. వేసుకున్న కాసేపటికే తలుపు టకటకమంది. "సురేంద్రా, ఆయితా? అయిందా?" మేనేజరే వెళ్తున్నాడు కదా అని గంగులయ్య కూడా రేకు తలుపు మానేసి ఇటే వచ్చాడు. అతని వెనక టెంపో డ్రైవరు. "లోపల సార్ ఉండాడా, సురేంద్రన్న ఉండాడా?" "సురేంద్రన్నే. అయితే ఆలీశం అయితాది," అనేవాడు గంగులయ్య. ఎవరూ ఎగతాళిగా అనలేదు. అందరూ సానుభూతితోనే అన్నారు. కారం తగ్గించమన్నారు, దానిమ్మ తొక్కల కషాయం తాగమన్నారు, ఈ రోజు ఎలా ఉందని పొద్దున్నే అడిగారు. వారం తిరిగేసరికి సురేంద్ర కడుపు పాల సెంటరు ఉమ్మడి ఆస్తి అయింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సురేంద్ర తన పళ్ళెంలో పెసరపప్పు అన్నాన్ని ఒక పక్కకు జరిపి, "రేపట్నుంచి కుప్పం పోతాండా," అన్నాడు.

కుప్పమ్మ సంగటి ముద్ద చేత్తో పట్టుకునే, "నా బంగారు తండ్రీ," అంది.

యమున గరిటె దించింది. "మీరే గదా అన్నారు, ఆ పల్లెల్లో యాడా లెట్రిన్ లేదని?"

"లేదు."

"గడియ లేకపోతే మీకు జరగదు గదా?"

"ఆడ నేను యాడుండానో పొద్దుగూకులూ అడిగేవోడు లేడు. అది సాలు."

"ఒక్క తలుపన్నా లేకుండా ఎట్లండీ?"

సురేంద్ర మజ్జిగ వంచుకున్నాడు. చాలా రోజుల తరవాత నింపాదిగా కలుపుకున్నాడు.

"తలుపుంటేనే గదా తట్టేది," అన్నాడు.