మీరే రాసి తీసుకురండి

మనిషి మనసు లోతు తేల్చాలని గొప్పగొప్పవాళ్ళు ఎందరో ప్రయత్నించి చేతులెత్తేశారు. వాళ్ళలో ఒక్కరూ ముప్పై ఏడు పేజీల దరఖాస్తు నింపకపోవడమే అందుకు కారణమని, మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు ప్రవేశాలు చూసే విభాగంవారి దృఢవిశ్వాసం. ఈ విశ్వాసాన్ని వారు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. వారి కిటికీ ముందు ఓ పావుగంట నిలబడితే ఎవరికైనా దానంతటదే బోధపడుతుంది.

ఆ కిటికీ ముందు నాలుగు పావుగంటలు నిలబడి దరఖాస్తు తెచ్చుకున్నవాళ్ళలో కౌన్సెలరమ్మ ఒకతె. అది ఆమె పేరు కాదు, ఆసుపత్రిలో అందరూ అలాగే పిలుస్తారు. మూడో అంతస్తు వరండాలో, డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన రోగుల బంధువుల్ని కూర్చోబెట్టి మాట్లాడటం ఆమె ఉద్యోగం. ఆరేళ్ళుగా ఆమె ఒక వింత గమనిస్తోంది. లోపల వినరాని మాట విన్న మనిషి, బయటికి రాగానే ముందు ఏడవడు. "ఇక్కడ మంచినీళ్ళెక్కడండీ?" అనో, "లిఫ్టు పనిచేస్తోందా?" అనో అడుగుతాడు. భర్త ఇక లేడని విన్న ఒకావిడ పది నిమిషాల పాటు గొడుగు వెతుక్కుంది. గొడుగు ఆవిడ చేతిలోనే ఉంది. ఎందుకిలా అన్న ప్రశ్న కౌన్సెలరమ్మను పట్టుకుని వదల్లేదు. రోజూ చూసినవి రాసుకుంటూపోతే పదకొండు నోటుపుస్తకాలు నిండాయి. వాటినిప్పుడు ఒక శాస్త్రంగా నిలబెట్టాలని ఆమె కోరిక. అయితే ప్రవేశానికి వయోపరిమితి ముప్పై అయిదు, ఆమెకు వచ్చే నెలలో ముప్పై ఆరు వస్తాయి. అంటే ఈసారి తప్పితే ఇక లేదు.

దరఖాస్తు నాలుగో పేజీలో "మీరు ఈ శాస్త్రాన్ని ఎందుకు ప్రేమిస్తున్నారు? (నలభై మాటలకు మించరాదు)" అని ఉంది. అయిదో పేజీలో "పై ప్రేమకు రుజువులు, ధ్రువీకరించిన నకళ్ళు మూడు" అడిగారు. పంతొమ్మిదో పేజీలో "మీకు ఒత్తిడి తట్టుకునే శక్తి ఉన్నదా? ఉన్నచో మొదటి పేజీ నుండి మరల నింపుము" అని ఉంది. ఆమె మళ్ళీ నింపింది. (ఉన్నదని రాసి నింపనివారిని అబద్ధీకుల కింద, లేదని రాసినవారిని అసమర్థుల కింద తొలగిస్తారు. విభాగం సగం పని అక్కడే తీరిపోతుంది.)

ఇక సిఫార్సు లేఖలు మూడు కావాలి. కౌన్సెలరమ్మ ముందు తనకు ఎమ్మేలో పాఠం చెప్పిన ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళింది.

"ఇవ్వకపోవడమేంటమ్మా, తప్పకుండా ఇస్తా. నువ్వే రాసి తీసుకురా, సంతకం పెట్టేస్తాను. నీ గురించి నీకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పు?" అన్నాడాయన.

ఆసుపత్రి సూపరింటెండెంటు ఇంకో మెట్టు పైకెక్కాడు. "మీరే రాసి తీసుకురండి. మొహమాటపడకుండా గట్టిగా రాసుకోండి. చప్పగా ఉంటే నేను సంతకం పెట్టను" అని హెచ్చరించాడు.

మూడో మనిషి, ఆమెకు శిక్షణ ఇచ్చిన పెద్ద డాక్టరమ్మ, చీటీ రాస్తూ తలెత్తకుండానే చెప్పింది. "రాసుకురా. కానీ నా ధోరణిలో ఉండాలి. నేనెవర్నీ పొగడనని అందరికీ తెలుసు. తిట్టినట్టే పొగుడు."

ఆ ఆదివారం ఆమె తన డప్పు తాను మూడు తాళాల్లో కొట్టుకుంది. ప్రొఫెసరు లేఖలో వాక్యాలు మొదలైతే పేజీ చివరికి గానీ ఆగవు. సూపరింటెండెంటు లేఖలో సుగుణాలన్నిటికీ వరస నంబర్లున్నాయి. డాక్టరమ్మది మందులచీటీ అంత: "నెమ్మది. పని వచ్చు. తీసుకోండి."

ఆమె అక్క ఇంట్లోనే దర్జీపని చేస్తుంది. మిషను ఆపి మూడూ చదివి బుగ్గన వేలేసుకుంది. "మన డప్పు మనం కొట్టుకోవడం తెలుసు గానీ, పరాయివాళ్ళ చేతులు అరువు తెచ్చుకుని కొట్టుకోవడం ఇప్పుడే చూస్తున్నానే!"

"అందరూ ఇలాగే చేస్తారక్కా. ఆనవాయితీ."

ఇంతా చేస్తే, ప్రతి లేఖలోనూ అభ్యర్థి లోపం ఒకటి రాయడం తప్పనిసరి. ఆమె ప్రొఫెసరు చేత "మితభాషి" అనిపించింది. సూపరింటెండెంటు చేత "సెలవులు వాడుకోదు" అనిపించింది. డాక్టరమ్మ దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. ఆలోచించి ఆలోచించి, "ఎవరేది రాసిపెట్టమన్నా కాదనడం చేతకాదు" అని రాసింది. తర్వాత ముప్పయ్యారో పేజీలో, సదరు లేఖలను తాను చూడలేదని, ఎన్నడూ చూడబోనని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టింది. (టైపు చేసేటప్పుడు కళ్ళు మూసుకోవాలా అన్న విషయమై నియమావళి మౌనం వహించింది.)

మూడు సంతకాలూ అయ్యాక, అన్నీ కవర్లో పెట్టి అంటించబోతే టేపు అయిపోయింది. అక్క ఎర్రదారంతో కవరు మూతి కుట్టేసి, చివర తన పద్ధతిలో రెండు ముళ్ళేసింది. "ఇది విప్పాలంటే కత్తెర ఉండాల్సిందే. నా కుట్టు చేత్తో ఊడదు" అంది గర్వంగా.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో చైర్మన్, అటూ ఇటూ ఇద్దరు నిపుణులు. బల్ల మీద ఆమె కవరు ఉంది. ఎర్రదారం చెక్కుచెదరలేదు, రెండు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆ కవరు మీద చైర్మన్ గారు టీకప్పు పెట్టుకున్నారు.

"మీ దరఖాస్తు చాలా క్షుణ్ణంగా పరిశీలించాం. మీ పరిశోధనకు ఎలుకలు ఎక్కణ్ణించి తెస్తారు?" అన్నాడు ఎడమవైపు నిపుణుడు.

"ఎలుకలు కాదండీ, మనుషులు."

"మనుషులా?" కుడివైపు నిపుణుడు నొసలు ముడిచాడు. "మనుషుల జోలికి మన విభాగం ఎప్పుడూ వెళ్ళలేదే!"

చైర్మన్ టీ ముగించి, కప్పు తీసి, కవరు మీద పడ్డ గుండ్రటి మరకను బొటనవేలితో తుడిచాడు. "మంచిదమ్మా. చదివినంతవరకూ బాగుంది" అన్నాడు.

పది రోజులకు విభాగం గుమాస్తా ఫోను చేశాడు. "అమ్మా, మీకు రాలేదండీ. సీటు ఇవ్వట్లేదని ఉత్తరం పంపాలి. చైర్మన్ గారికి తీరిక లేదు. మీరే రాసి తీసుకురండి, సంతకం పెట్టించేస్తాను."

కౌన్సెలరమ్మ, "మీ ఆఫీసులో లిఫ్టు పనిచేస్తోందా అండీ?" అని అడిగింది. అడిగాక గానీ తానేమడిగిందో తెలియలేదు. ఆరేళ్ళుగా వెతుకుతున్న మనిషి తనలోంచే మాట్లాడాడు.

"బానే పనిచేస్తోందండీ" అన్నాడు గుమాస్తా. "కారణం మాత్రం నాలుగు వరుసలకు తగ్గకుండా రాయండి. సిఫార్సు లేఖలు రాసుకున్నారుగా, ఇదెంతసేపు?"

అక్క మండిపడింది. "గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే! రాయనని చెప్పవే."

అలా చెప్పడం ఆమెకు చేతకాదు. (డాక్టరమ్మ లేఖలో ఈ లోపం ముందే ఉంది.) కానీ ఈసారి కాగితం ముందు కూర్చున్నప్పుడు ఆమెకు నిజంగా కోపం వచ్చింది. కోపంలో రాత చక్కగా సాగింది. "మీ దరఖాస్తును మాలో ఎవ్వరమూ చదవలేదు. కవరు కూడా విప్పలేదు. దాని మీద టీ తాగాము. మీరు ఏ విషయం మీద పరిశోధిస్తారో మాకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా లేదు. అందువల్ల మీరు అనర్హులని ఏకగ్రీవంగా నిర్ణయించాము." సరిగ్గా నాలుగు వరుసలు వచ్చాయి.

"నిజం రాసి పంపితే ఊరుకుంటారటే?" అంది అక్క, ఈసారి భయంగా.

"ఊరుకోకూడదనేగా రాసింది. కోపమొస్తే పిలుస్తారు. పిలిస్తే నోటుపుస్తకాలు పట్టుకెళ్తాను. ఎలాగోలా ఒక్క పేజీ చదివిస్తాను" అంది కౌన్సెలరమ్మ.

ఉత్తరం ఇచ్చొచ్చి ఎదురుచూసింది. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. వరండాలో ఎదురుచూసేవాళ్ళని ఆరేళ్ళు చూసింది గానీ, వాళ్ళు కూర్చునే బల్ల ఇంత గట్టిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

వారానికి కవరు వచ్చింది. అందులో ఆమె రాసిన ఉత్తరమే ఉంది, ఒక్క మాట కూడా మారలేదు. కింద చైర్మన్ సంతకం, దాని మీద విభాగం ముద్ర ఉన్నాయి. ముద్ర పక్కన ఆకుపచ్చ సిరాతో చైర్మన్ గారు స్వహస్తాలతో ఇలా రాశారు: "ఆసాంతం చదివితిని. ప్రతి అక్షరముతోనూ ఏకీభవిస్తున్నాను."