రేకుల కాలనీలో మెట్లు

రేకుల కాలనీలో మొగుళ్లు మెట్లయిపోవడం మామూలే కాబట్టి, సూరీడమ్మ మొగుడు అప్పలకొండ మెట్లయిన రోజున ఎవరూ పని మానుకుని చూడలేదు.

ఆ కాలనీలో మేడల్లేవు, అన్నీ ఒంటిగది ఇళ్లే. అయినా ఆడవాళ్లు కమిలిన చెంపలతో క్లినిక్కుకొచ్చి "మెట్ల మీంచి పడ్డానండి" అనేవారు. లేని మెట్ల మీంచి ఇంతమంది ఎలా పడుతున్నారని మున్సిపాలిటీకి సందేహం వచ్చింది. క్లినిక్కు రిజిస్టర్లో ఒకసారి రాసింది కొట్టేయకూడదు. అందుకని, మెట్లు లేని ఇళ్లలో పడ్డానికి కారణమైన మనిషినే సాయంత్రానికల్లా మెట్లుగా మార్చే పద్ధతి పెట్టారు. అది తెలిశాక మొగుళ్లు కూడా లోపలికొచ్చి "బాత్రూంలో జారిందండి" అని తామే చెప్పడం మొదలుపెట్టారు.

కొత్త నర్సు సువార్త మాత్రం మొగుళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేసేది. ఆ రోజు అప్పలకొండనీ అలాగే కూర్చోబెట్టి, సూరీడమ్మను అడిగింది.

"ఏమైందమ్మా?"

"బాత్రూమని సెప్పమన్నాడండి."

"మీ ఇంట్లో బాత్రూముందా?"

"నేదండి." సూరీడమ్మ తలుపు వైపు చూసింది. "నిజం రాయరేటండి?"

"నిజం రాయడానికి రిజిస్టర్లో గడి ఇంకా మంజూరు కాలేదు. మెట్లకే ఉంది."

"మళ్లీ మనిసవుతాడేటండి?"

"నువ్వు దరఖాస్తు పెడితే."

"ఎట్టకపోతే?"

"మెట్లకి చేతులుండవమ్మా."

సూరీడమ్మ వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"మెట్ల మీంచే పడ్డానండి," అంది. ఈ పద్ధతి రాకముందు ఆ మాట ఆమె చాలాసార్లు చెప్పింది. భయం లేకుండా చెప్పడం మాత్రం ఇదే మొదలు.

సాయంత్రానికి గుమ్మం పక్కన మెట్లు లేచాయి. రేకుల అంచుదాకా వెళ్లి ఆగిపోయాయి. మున్సిపాలిటీ మనిషొచ్చి కడ్డీ బిగించి, బాగానే ఉన్నాయని వెళ్లిపోయాడు.

అత్త సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మెట్లయితే మాత్రం మొగుడు కాడేటే? రోజూ కడిగి ముగ్గెట్టు."

"అలాగేనమ్మా," అంది సూరీడమ్మ. మర్నాడు కడిగి, ముగ్గేసి, చివరి మెట్టు మీద చేపలు ఎండబెట్టింది.

"ఒలే, ఎక్కొచ్చేటే?" పక్కింటావిడ అడిగింది.

"ఎక్కు. ఏటీ అనడు."

అన్నం పళ్లెం పట్టుకుని సూరీడమ్మే ముందు ఎక్కింది. మొగుడి చెప్పుల చప్పుడుకి చెవొగ్గకుండా తీరిగ్గా తింటోంది. గాలి చల్లగా తగిలింది. రోడ్డవతల మేడ మీద ఒకావిడ బట్టలారేస్తోంది. పెదవి చిట్లి ఉంది.

"ఆయమ్మ కూడా మెట్ల మీంచే పడిందట," అంది పక్కింటావిడ.

సూరీడమ్మ ముద్ద కలపడం ఆపింది.

"పాపం," అంది. "ఆల్లింటికి మెట్లు ముందే ఉన్నాయి."