మనిషి రూపంలో గడిపిన గంటలు

ఫిట్‌నెస్ తప్పి తుక్కుకి పోవాల్సిన పదిహేనేళ్ల లారీ రెండు కాళ్ల మీద లేచి నిలబడి, తాను బండిని కానని, మనిషినని దరఖాస్తు పెట్టుకోవడం ఆ జిల్లా రవాణా కార్యాలయంలో అది నాలుగోసారి. మొదటి మూడింటికీ తగిన ఫారం లేకపోవడంతో వాటిని తుక్కుకే పంపారు. నాలుగోది వచ్చేసరికి ఫారం అచ్చయి వచ్చింది కాబట్టి తీసుకోక తప్పలేదు.

దరఖాస్తుదారు పేరు వజ్రచక్ర. రూపధారి బొమ్మల్లో ఎర్ర లారీ. ఆ బొమ్మలు ఎరగని ఇల్లు లేదు. తలుపులు చేతులవుతాయి, చక్రాలు భుజాలకు చేరతాయి, ఇంజను అడుగు నుంచి తల పైకి వస్తుంది. ఒక్కో బొమ్మకీ వేరే గ్రహం నుంచి వచ్చిన భాగస్వామి ఒకడుంటాడు. వాడు ముడుచుకుని బొమ్మ గుండెలోని అరలో కూర్చుంటే తప్ప బొమ్మ రూపం మారదు. కంపెనీ వాళ్లు వీటిని పిల్లలకి నాలుగు అంగుళాల్లోనూ, పనికి ఇరవై అడుగుల్లోనూ చేశారు. తేడా కొలతలోనే. ఇరవై అడుగులవాటికి శాఖ వారు బండి నంబర్లు ఇచ్చారు, వజ్రచక్ర ఆనాటి నుంచీ అంబాజీపేట కొబ్బరికాయలు మోస్తున్నాడు.

ఆ సెక్షను చూసేది సీనియర్ అసిస్టెంటు హైమావతి. నలభై ఆరేళ్లు, ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆవిడ బల్ల మీదకి వచ్చిన కాగితం మూడో రోజుకి కదలాల్సిందే. అలాంటివాళ్లకి ప్రమోషన్ రాదని ఆఫీసులో అందరికీ తెలుసు, ఆవిడకి కూడా.

వజ్రచక్ర లోపల పట్టడు కనుక వరండాలో గొంతుక్కూర్చుని కిటికీలోంచి మాట్లాడాడు.

“మేడంగారండీ, బండి కింద లెక్కేస్తే వచ్చే నెల పదో తారీకుకి నన్ను కోసేస్తారండి. మనిషి కింద లెక్కేస్తే నాకింకా పదిహేనేళ్లేనండి. మీసం కూడా రాని వయసండి.”

“భయపడకు. రూలు ఎలా ఉంటే అలాగే జరుగుతుంది,” అంది హైమావతి.

“ఆయ్, అందుకేనండి భయం,” అన్నాడు వజ్రచక్ర.

రూలు స్పష్టంగానే ఉంది. రూపం మార్చుకునేది ఏదైనా సరే, రోజులో ఎన్ని గంటలు మనిషి రూపంలో ఉంటున్నదో దాని భాగస్వామి ఫారంలో రాసి సంతకం పెట్టాలి. పన్నెండు దాటితే మనిషి, పన్నెండుకి లోపయితే బండి. ఎవరి గంటలు వారే రాసుకుంటే చెల్లదు. రాసుకోమంటే ప్రతివాడూ తనను మనిషనే రాసుకుంటాడని శాఖ వారి అనుభవం.

భాగస్వామి పేరు తింకో, స్వస్థలం ఝల్లరి గ్రహం. నోటీసు పంపితే ముగ్గురు తింకోలు హాజరయ్యారు. హైమావతి ఆశ్చర్యపోలేదు. ఒకే మనిషి టీవీలో ఒకలాగా, పుస్తకంలో ఒకలాగా, పెట్టెలో ఒకలాగా ఉండటం లోకంలో ఉన్నదే. ముగ్గురినీ బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరినే పిలిచింది.

మొదటివాడు ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చే తింకో. బంగారు కవచం, భుజాల వెనక వేలాడే కేప్. వేరే భాష నుంచి డబ్బింగ్ చేసి తెచ్చినవాడు కావడంతో పెదాలు ఆగిపోయాక కూడా రెండు మాటలు వినిపించేవి. వారం వారం వజ్రచక్ర కోసం ప్రాణాలిచ్చి, పై వారానికి మళ్లీ హాజరయ్యేవాడు.

“నా ఊపిరి ఉన్నంతవరకూ నా మిత్రుడు మనిషే! ఇరవై నాలుగు గంటలూ మనిషే! ఇది తింకో శపథం!”

“మీ సీరియల్ నేను చూశానండి. అరగంటలో చివరి మూడు నిమిషాలే కదా అతను లేచి నిలబడేది?” అని అడిగింది హైమావతి.

తింకో తల దించుకున్నాడు. “బడ్జెట్టు,” అన్నాడు. ఆ ఒక్క మాటకే పెదాలు సరిగ్గా కలిశాయి.

రెండోవాడు బస్టాండు పుస్తకాల కొట్లో అమ్మిన బొమ్మల పుస్తకంలోని తింకో. నడుం దగ్గర రెండు పిన్నులు, ఒంటి రంగులు గీతలు దాటి కొంచెం పక్కకి జరిగి ఉన్నాయి. అతను తొమ్మిదో సంచికలోనే శత్రువుల్లో కలిసిపోయాడు. నోటితో మాట్లాడడు, చెప్పదలుచుకున్నది తలపైన మబ్బులో అచ్చవుతుంది. “వీడా? పుట్టడం లారీ, పోవడమూ లారీయే” అని అచ్చయింది. అటెండరు స్టూలెక్కి ఆ మబ్బుని కత్తెరతో కత్తిరించి ఫైలుకి జతచేశాడు.

మూడోవాడు పెట్టెలో వచ్చిన తింకో. జానెడు ప్లాస్టిక్ బొమ్మ. ముక్కు మీద రంగు పోయింది, ఎడమకాలు ఎప్పుడో కుక్క కొరికింది. పెట్టెలోని సూచనల కాగితంలో అతని పేరు కూడా లేదు. పద్నాలుగో భాగం అని మాత్రం ఉంది. అయితే పదిహేనేళ్లుగా వజ్రచక్ర గుండెలో కూర్చుంటున్నది అతనే. మూడుసార్లు అడిగినా మాట్లాడలేదు.

హైమావతి రెండు రోజులు ఆలోచించి నోట్ రాసింది. “టీవీలోనివాడూ పుస్తకంలోనివాడూ వచ్చిపోయేవారు. ఎండకూ వానకూ లోపల ఉన్నవాడు పెట్టెలో వచ్చినవాడే. కావున భాగస్వాములు వేర్వేరుగా కనిపించినప్పుడు పెట్టెలో వచ్చినవానినే ప్రమాణముగా తీసుకొనవలెను.” ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టడంతో అది రూలయింది. టీవీ తింకో బెంచీ మీద కూర్చుని కేప్ అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. తన మాట మొదటిసారి రూలయినందుకు హైమావతికి మాత్రం లోపల కాస్త గర్వంగానే అనిపించింది.

ఇక ఆ పెట్టెలోనివాడు నోరు విప్పడు. ఆ చిక్కుని బ్రేకు ఇన్‌స్పెక్టర్ జోగినాయుడు విడదీశాడు.

“మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఇరవై నాలుగులో సగం ఎంతండి? పన్నెండు. రాసుకోండి.”

సరిగ్గా పన్నెండు. దాటనూ లేదు, తగ్గనూ లేదు. దానికి రూల్లో ఏమీ లేకపోవడంతో హైమావతి పై ఆఫీసుకి రాసింది. పదో తారీకు దగ్గర పడుతోంది. వజ్రచక్ర రోజూ పొద్దున్నే వచ్చి కిటికీలోంచి ఆవిడ మొహం చూసి వెళ్లి కొబ్బరికాయలు ఎక్కించుకునేవాడు. ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఆరో తారీకున జవాబు వచ్చింది. సరిగ్గా పన్నెండు వచ్చిన కేసుల్లో దరఖాస్తుదారుని కార్యాలయంలోని ఒక మామూలు మనిషితో పోల్చి చూడవలెను. ఎవరి గంటలు ఎక్కువయితే వారిని మనిషిగా తీసుకొనవలెను. పోలికకు అదే ఫారం వాడవలెను.

జోగినాయుడు ఆఫీసంతా కలియజూశాడు. ఆఫీసరు మామూలు మనిషి కాదు. అటెండరు కాంట్రాక్టు. తాను ఎప్పుడూ ఫీల్డులో ఉంటాడు.

“మామూలు మనిషంటే మీరేనండి హైమావతిగారూ,” అన్నాడు. ఆవిడ దాన్ని మెచ్చుకోలు అనుకుంది.

ఫారం ఇంటికి తీసుకెళ్లింది. భాగస్వామి అన్నచోట భర్త పేరు రాసింది, సోమశేఖర్. రాశాక తెలిసింది, తనకీ ముగ్గురున్నారని. పెళ్లి ఆల్బంలో ఒక సోమశేఖర్ ఉన్నాడు, వేలెత్తి అరుంధతీ నక్షత్రం చూపిస్తూ, నక్షత్రాన్ని వదిలేసి ఆమెనే చూస్తూ. ఫోన్ స్టేటస్‌లో ఒకడు ఉన్నాడు, ఏటా పెళ్లిరోజున ఆమె ఫొటో పక్కన రెండు గులాబీలు పెట్టి ‘నా బలం నా ప్రాణం’ అని రాసేవాడు. వీళ్లని అడిగితే కళ్లు మూసుకుని ఇరవై నాలుగు వేసేద్దురు. కాని రూలు తను రాసిందే. ఎండకూ వానకూ లోపల ఉన్నవాడే ప్రమాణం. ఆ మూడోవాడు సోఫాలో కూర్చుని వార్తలు చూస్తున్నాడు.

సోమశేఖర్ చెడ్డవాడేమీ కాదు. తాగడు, అరవడు, కూరలో ఉప్పు తక్కువైనా తిని లేస్తాడు. ఫారం కింద ‘తప్పుగా రాసినవారు శిక్షార్హులు’ అన్న లైను చూసి టీవీ కట్టేశాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత భార్య గురించి శ్రద్ధగా ఆలోచించడం మొదలుపెట్టాడు.

“పొద్దున్న?” అని అందించింది హైమావతి.

“నేను లేచేసరికి క్యారేజీ కట్టేసి ఉంటుంది.”

“సాయంత్రం?”

“నేను వచ్చేసరికి బట్టలు మడతపెట్టేసి ఉంటాయి.”

“ఆ మధ్యలో నేను కనపడనా?”

“పనులయిపోవడం కనపడుతుంది హైమా. నువ్వు...” అని ఆగి, కలం మూత కొరుకుతూ ఇంకో పది నిమిషాలు ఆలోచించాడు. అబద్ధం రాయడం ఇష్టంలేక, గంటల గడిలో ‘తెలియదు’ అని రాసి సంతకం పెట్టాడు.

హైమావతికి ఏడుపొచ్చింది. కోపం రానందుకు ఇంకా ఏడుపొచ్చింది. తన లెక్క తనకి తెలుసు. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి బస్సులో కాలవగట్టు మీదుగా పాతిక నిమిషాలు. కిటికీ దగ్గర సీటు దొరికితే హైస్కూల్లో నేర్చుకున్న పాటొకటి లోగొంతుతో పాడుకుంటుంది. ఆ పాతిక నిమిషాలూ ఆవిడ దేన్నీ ఉడికించదు, దేనిమీదా సంతకం పెట్టదు, దేన్నీ మడతపెట్టదు. కాని ఎవరి గంటలు వారు రాసుకుంటే చెల్లదు.

మర్నాడు కంప్యూటర్ ఆపరేటరు ఫారం ఎక్కించబోతే ఆ గడి అక్షరాలు తీసుకోలేదు.

“అంకె వేస్తేగాని ముందుకి పోదండి,” అని సున్నా కొట్టాడు.

పన్నెండుకీ సున్నాకీ పోలిక పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. తొమ్మిదో తారీకు సాయంత్రం వజ్రచక్రను మనిషిగా ప్రకటిస్తూ ఆర్డరు వచ్చింది. కాపీ అందుకుంటుంటే అతని కళ్లలోంచి వైపరు నీళ్లు కారాయి. ఆఫీసులో అందరికీ కొబ్బరి లౌజు పంచాడు. అంతవరకూ ‘ఇది’ అన్నవాళ్లంతా ‘మీరు’ అనడం మొదలుపెట్టారు. హైమావతి లౌజు తింటూ మనస్ఫూర్తిగా సంతోషపడింది.

అయితే పోలిక కోసం నింపినా ఫారం ఫారమే. కంప్యూటరుకి ఆ తేడా తెలియదు. నాలుగో రోజున నోటీసు ముద్రించింది. పేరు హైమావతి, మనిషి రూపంలో సున్నా గంటలు, కావున బండి. మొదటి రిజిస్ట్రేషను పెళ్లి తేదీ, గడిచినవి ఇరవై మూడేళ్లు. పదిహేను దాటినందున సదరు వాహనం ఫిట్‌నెస్ పరీక్షకు హాజరు కావలెను, తప్పిన యెడల తుక్కు. ఆ సెక్షను తనదే కాబట్టి నోటీసుకి నంబరు వేసి, తనకి తానే అందజేసి, అందినట్టు సంతకం పెట్టింది. మూడో రోజు దాకా ఆగలేదు.

ఆఫీసు వెనక మైదానంలో ఒక ట్రాక్టరుకీ స్కూలు వ్యానుకీ మధ్య నిలబడింది. జోగినాయుడు మొహమాటపడ్డాడు.

“ఏమీ అనుకోకండమ్మా, డ్యూటీ.”

“ఫర్వాలేదండీ,” అంది హైమావతి.

రెండు చేతులకీ బరువిచ్చి ఎనిమిది అంకె మీద నడిపించాడు. గబగబా నడుస్తుంటే ఆపి చూశాడు. పక్కకి వెళ్లి చటుక్కున “హైమా!” అని కేకేశాడు. “ఆఁ, వస్తున్నా!” అంది ఆవిడ అలవాటుగా. హారన్ బాగుందని రాసుకున్నాడు. నిట్టూర్చమని చూసి, పొగ పరిమితిలోనే ఉందని రాసుకున్నాడు.

అంతలో వజ్రచక్ర పరుగెత్తుకుంటూ వచ్చాడు. మైదానం అదిరింది.

“సార్, ఆవిడ గంటలు నేను రాస్తానండి! రోజూ సాయంత్రం కాయల లోడుతో ఆవిడ బస్సు పక్కనే వెళ్లేవోణ్ణండి. కిటికీ కాడ కూర్చుని పాడుకుంటారండి. పాతిక నిమిషాలండి. నేను చూశానండి. ఆ పాతిక నిమిషాలూ మనిషేనండి ఆవిడ.”

హైమావతి చేతుల్లో బరువులు అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్లూ తనను ఒకరు చూస్తున్నారని ఆవిడకి తెలియదు. తెలిసి ఉంటే ఇంకొంచెం గట్టిగా పాడేదేమో.

“మీరు ఆవిడకి ఏమవుతారండి?” అని అడిగాడు జోగినాయుడు.

వజ్రచక్ర గుండె అర తెరిచి లోపలున్న తింకో వైపు చూశాడు.

“ఏమీ అవనండి.”

“అయితే చెల్లదండి. చెల్లినా, పాతిక నిమిషాలు పన్నెండు గంటలకి చాలదు కదండీ.”

“సారు చెప్పింది నిజమే వజ్రచక్రగారూ,” అంది హైమావతి. “రూలు నాకు తెలుసు.”

ఫిట్‌నెస్ వచ్చింది. ఒక ఏడాదికి, స్టిక్కరుతో సహా. సోమశేఖర్ నిజంగా ఊపిరి పీల్చుకున్నాడు. “ఏడాది దాకా మనకి ఇబ్బంది లేదన్నమాట,” అని, సర్టిఫికెట్ ఫొటో తీసి పక్కన రెండు గులాబీలు పెట్టి స్టేటస్‌లో వేశాడు. రాత్రికి నూట పది మంది చూశారు.

మర్నాడు సాయంత్రం బస్సులో కిటికీ దగ్గర చోటు దొరికింది. కాలవగట్టు ఎక్కాక పాట అందుకోబోయి పక్కకి చూసింది. ఎర్ర లారీ లేదు. మనిషయ్యాక అతను కాయలు మోయడం మానేశాడు, ఏదో ఆఫీసులో ఉద్యోగంలో చేరాడని విన్నది. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తాడట, మధ్యలో ఎవరికీ కనపడడట. హైమావతి ఊరికే కూర్చుంది.

ఫారం బాగా పనిచేస్తున్నదని పై ఆఫీసు మెచ్చుకుంది. పెళ్లయి పదిహేనేళ్లు దాటిన వారందరికీ దాన్ని వర్తింపజేసింది. మగవాళ్ల ఫారాలు ముందుగా వచ్చాయి. వాటిలో భార్యలు ఇరవై నాలుగు అని నింపి పంపారు. కింద శిక్షార్హులు అన్న లైను చదివే తీరిక వాళ్లకి ఉండదు. సోమవారం పొద్దున్న హైమావతి వచ్చేసరికి వరండాలో లారీలు లేవు. టీచర్లు, నర్సులు, మునిసిపాలిటీలో రోడ్లూడ్చే ఆడవాళ్లు, చేతిలో క్యారేజీలతో వరసగా నిలబడి ఉన్నారు. గేటు బయట భాగస్వాములు బళ్ల మీదే కూర్చున్నారు, ఇంజను ఆపకుండా.

వరసలో మొదటి ఆవిడ హైస్కూలు టీచరు. ఫారం బల్ల మీద పెట్టింది. గంటల గడిలో చక్కటి దస్తూరీతో ‘తెలియదు’ అని ఉంది. ఆవిడ ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. రెండో పీరియడ్‌కి అందుకోవాలని మాత్రం చెప్పింది. తర్వాత కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగింది.

“స్టిక్కరు ఎక్కడ అంటిస్తారండీ?”

“మెడ వెనక,” అంది హైమావతి, సీలు ఇంకులో అద్దుతూ. “జడ కింద ఎవరికీ కనపడదు.”