చల్లగా ఉండాల్సిన గది

ఆ రోజు ఉదయం నిద్ర లేస్తూనే రెస్టారెంటు యజమాని తన పనులన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. రెస్టారెంటుకు వెళ్ళాలి. కింద కొత్తగా కట్టించిన వైన్ సెల్లార్‌లోకి ఓసారి తొంగి చూడాలి. ఆ తరవాత ఎవరినీ కసురుకోకుండా నింపాదిగా వంట చేసుకోవాలి. సాయంత్రం పెద్ద మాస్టరుగారు వస్తారు. ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, ఆయన సీసాలను ఆయనకే చూపించాలి. ఇంతకు మించి ఆ రోజుకు ఏ పనీ పెట్టుకోలేదు.

పెద్ద మాస్టరు అంటే అతనికి వంట నేర్పిన మనిషి. గిన్నెలు కడగడానికి చేరిన కుర్రాణ్ణి పొయ్యి దగ్గరికి పిలిచి గరిట చేతికిచ్చిన మనిషి. గరిట పట్టిన తొలి రోజే ఇతను సూపులో రెండుసార్లు ఉప్పు వేశాడు. భోజనాల గదిలోంచి కేకలు వినబడితే మాస్టరు స్వయంగా బయటికి వెళ్ళి, "తప్పు నాదండీ, మతిమరుపు వచ్చేస్తోంది" అని అందరికీ చెప్పి వచ్చారు. లోపలికి వచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడాన్ని అతను ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు.

అలాంటి మాస్టరు వంట మానేసి ఇంటిపట్టున ఉండిపోతూ, తన దగ్గరున్న వైన్ సీసాలన్నీ పెట్టెలకెత్తి శిష్యుడికి పంపించారు. "జాగ్రత్తగా చూసుకో" అని ఒక్క ముక్క చెప్పారు. శిష్యుడు ఆ ముక్కను గుండెకు హత్తుకున్నాడు. మర్నాడే భార్య ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ దాచుకునే కింది గదిని ఖాళీ చేయించాడు. ఉల్లిపాయలు వంటింట్లో తన కాళ్ళకు అడ్డం పడుతున్నా ఆ ఇల్లాలు నోరు మెదపలేదు. మాస్టరుగారి మీద ఆమెకూ అంతే గౌరవం. ఆమె పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తరపున మాట్లాడింది ఆయనే.

గది డిజైను చేసే భాగ్యం ఆమె తమ్ముడికి దక్కింది. అతను చెప్పుల షాపులకు అద్దాలూ అరలూ డిజైను చేస్తాడు. "సెల్లార్ కట్టాలిరా" అని బావ అనగానే, ఏటవాలుగా దారి తీసి రెండు కార్లూ వరసగా స్కూటర్లూ పట్టేలా బొమ్మ గీసుకొచ్చాడు.

"బండ్లు పెట్టుకునే సెల్లార్ కాదురా నాయనా, సీసాలు పెట్టుకునేది!"

"ముందే చెప్పొద్దూ బావా! అయినా ఏముంది, సీసా అయినా చెప్పయినా అర అరే కదా" అని అతను రెండో బొమ్మ గీశాడు.

తప్పు పట్టడానికి లేదు, కుర్రాడు కష్టపడ్డాడు. గోడలకు మందంగా థర్మాకోల్ పలకలు వేయించి, తేమ దిగకుండా ప్లాస్టిక్ పట్టా పరిపించి, పైన చెక్క కొట్టించాడు. ఐస్ ఫ్యాక్టరీకి వేసేలాంటి బరువైన తలుపు, చుట్టూ రబ్బరు అంచుతో బిగించాడు. అరలు మాత్రం, చెప్పులు బాగా కనబడాలని పెట్టే అలవాటు కొద్దీ, ముందుకు వాలి ఉన్నాయి. సీసాలు జారకుండా ఒక్కో అరకీ అడ్డంగా తాడు కట్టాల్సి వచ్చింది. గోడలో ఒక చల్లదనం మిషను పెట్టించాడు. దానికి రెండు ముఖాలు. ఒక ముఖం చల్లగాలి వదులుతుంది, రెండో ముఖం వేడిగాలి వదులుతుంది. వేడి ముఖం పక్కనున్న పూలషాపు వెనకగదిలోకి తెరుచుకుంటుంది. "అది ఖాళీ గది బావా, ఆవిణ్ణి అడిగే పెట్టించాను" అన్నాడు బావమరిది. ముందురోజు సాయంత్రం సీసాలు సర్ది, మిషను వేసి, తలుపు మూసి అందరూ ఇళ్ళకు వెళ్ళారు.

ఉదయం యజమాని షట్టరు తాళం తీస్తుండగానే పూలషాపు ఆవిడ ఎదురొచ్చింది.

"ఏమండీ, మీ కోసమే చూస్తున్నా. రాత్రంతా మీ మిషను గాలి మా గదిలోకి వచ్చిందండీ. పొద్దున తలుపు తీసి చూద్దును కదా, నా పూలన్నీ..."

యజమాని ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు. "అయ్యో! పూలున్నాయా అందులో? ఇప్పుడే ఆపేస్తానమ్మా, ఇప్పుడే!" అంటూ షట్టరు సగం ఎత్తి, కిందనుంచి దూరిపోయాడు.

"అది కాదండీ..." అని ఆవిడ అంటూనే ఉంది. షట్టరు చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు.

అతను మిషను ఆపేసి బావమరిదికి ఫోను చేశాడు. "ఒరేయ్, ఆ గది ఖాళీ అన్నావు!"

"ఖాళీ బకెట్లు తప్ప ఏమీ లేవు బావా, నా కళ్ళతో చూశాను."

"పూలషాపులో బకెట్లు ఎందుకుంటాయిరా? అందులో ఏం పెడతారు?"

అవతలి వైపు స్కూటరు తాళాలు గలగలలాడాయి. "వస్తున్నా బావా" అన్నాడు బావమరిది.

అతను వచ్చేసరికి అక్కాబావలిద్దరూ సెల్లార్ గుమ్మంలో కొయ్యబారి నిలబడి ఉన్నారు. తలుపు తీయగానే లోపలినుంచి రొట్టెల పొయ్యి మూత తీసినట్టు సెగ ముఖాన కొట్టింది. సీసాలు ముట్టుకుంటే జ్వరం వచ్చిన పసిపిల్ల ఒళ్ళులా కాలుతున్నాయి.

"మిషను ఆపేశారుగా, అందుకే" అన్నాడు బావమరిది తడుముకోకుండా.

"ఆపి ఎంతసేపయిందిరా? ఇంతలోకే ఇంత వేడా?" అంది అక్క.

"బయటి వేడి లోపలికి వస్తుంది కదక్కా. వేసేయండి, ఫుల్లుగా పెట్టండి. ఆవిడ పూలకు మనం ఏదో ఒకటి చెప్పుకుందాం. ముందు మాస్టరుగారి సీసాలు దక్కాలి."

యజమాని మిషను ఫుల్లుగా పెట్టాడు. గోడకు తగిలించిన థర్మామీటరులో ముల్లు పైకే నడుస్తోంది. బావమరిది దాన్ని వేలితో కొట్టి చూసి, "ఇది పాడయింది బావా, మిషను బానే తిరుగుతోంది" అని తేల్చాడు. అందరి చొక్కాలూ వీపులకు అంటుకుపోయాయి.

ఇంతలో పైన గంట మోగింది. యజమాని తలుపు వెనక్కి నక్కి, "నేను లేనని చెప్పు" అని భార్యకు సైగ చేశాడు. ఆమె వెళ్ళి, రెండు మాటలు మాట్లాడి పంపించేసి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"పూలావిడేనండీ. మీతోనే మాట్లాడాలట. పాపం, శాలువా కప్పుకుని ఉంది. ముక్కు ఎర్రబడిపోయింది, కళ్ళల్లో నీళ్ళు."

"చూశావా! ఆ వేడికి మనిషికి జ్వరం వచ్చేసింది!" అని యజమాని తల పట్టుకున్నాడు. "పూలు ఉడికాయి, ఆవిడ ఉడికింది, మాస్టరుగారి సీసాలు ఉడుకుతున్నాయి. నేను వండకుండా మిగిలిందేమైనా ఉందా ఈ వీధిలో?"

"ఐస్!" అన్నాడు బావమరిది.

చేపల కోసం తెప్పించిన ఐసంతా బకెట్లతో కిందికి దింపారు. టేబుళ్ళ మీది గుడ్డలు తడిపి సీసాల మీద కప్పారు. ఆ వేడికి ఐసు చకచకా కరిగింది. గది నిండా పొగమంచులా ఆవిరి లేచింది. కాసేపటికి యజమాని భార్య ఒక గుడ్డ తీసి చూసి కెవ్వుమంది. సీసా ఉంది గానీ దాని మీద లేబులు లేదు. లేబులు గుడ్డకు అంటుకుని వచ్చింది. గబగబా మిగతా గుడ్డలన్నీ లాగేశారు. లాగిన ప్రతి గుడ్డతోనూ నాలుగేసి లేబుళ్ళు ఊడివచ్చాయి. కొన్ని నీళ్ళలో తేలాయి. ఒకటి బావమరిది మోచేతికి అంటుకుంది.

"ఏది దేనిదిరా ఇప్పుడు?" అన్నాడు యజమాని.

"పొడుగు సీసాలకు పొడుగు లేబుళ్ళు, లావు సీసాలకు లావు లేబుళ్ళు" అంటూ ఇల్లాలు వంటింట్లోకి పరిగెత్తి గోధుమపిండి ఉడికించి జిగురు చేసుకొచ్చింది. ముగ్గురూ నేల మీద చతికిలబడి, పెళ్ళి శుభలేఖలు అంటిస్తున్నంత శ్రద్ధగా అంటించడం మొదలుపెట్టారు. మెట్ల మీదనుంచి వేడి లోపలికి వస్తోందనుకుని బావమరిది లేచి తలుపు లాగాడు. తలుపు 'టక్' మని మూసుకుంది.

"పిడి ఏదిరా?" అన్నాడు బావ.

"బయట ఉంది బావా."

"లోపలివైపు?"

"లోపలెందుకు? సీసాలు బయటికి రావుగా!"

యజమాని ఫోను తీశాడు. అందులో ఒక్క గీతా లేదు. "చూశావా బావా, గోడలు ఎంత గట్టిగా కుదిరాయో! సిగ్నల్ కూడా దూరలేదు" అనబోయి, అక్క చూపు చూసి బావమరిది సగంలోనే మింగేశాడు. తలుపు బాదారు. కేకలు పెట్టారు. ఆ గోడలు కేకల్ని కూడా అంతే గట్టిగా ఆపాయి. మిషను మాత్రం ఫుల్లుగా, నమ్మకంగా, విసుగు లేకుండా తిరుగుతూనే ఉంది.

యజమాని ఒక సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఆయన నా తప్పును నెత్తిన వేసుకున్నారు. నేను ఆయన బతుకంతా కూడబెట్టింది ఉడకబెట్టాను" అన్నాడు. భార్య తన పైటచెంగుతో అతని నుదురు తుడిచింది. బావమరిది మొదటిసారి తల దించుకున్నాడు. "బావా, నిజం చెప్పనా? నాకు ఇలాంటి గదులు కట్టడం రాదు. నన్ను నమ్మి ఒక పని ఇచ్చింది నువ్వొక్కడివే. రాదంటే ఎక్కడ వేరేవాళ్ళకిస్తావోనని..." యజమానికి కోపం రావలసింది. కానీ ఆ పిల్లవాడి మోచేతి మీద లేబులు చూసి, ఉప్పు సూపు గుర్తొచ్చి, కోపం ఎటో పోయింది. "తప్పు నాదేలేరా, చెప్పుల షాపు మనిషికి ఇచ్చింది నేనే కదా" అన్నాడు.

ఎంతసేపు గడిచిందో వాళ్ళకు తెలియదు. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పెద్ద మాస్టరు. ఆయన వెనక శాలువా కప్పుకున్న పూలషాపు ఆవిడ, చేతిలో ఇంత పూలగుత్తి. లోపలినుంచి ఆవిరితోపాటు ముగ్గురు మనుషులు, ఒళ్ళంతా జిగురుతో, లేబుళ్ళతో బయటపడ్డారు. యజమాని జేబు మీద ఏదో ద్రాక్షతోట బొమ్మ అంటుకుని ఉంది.

"ఏమర్రా, మిమ్మల్ని మీరే సీసాల్లో పోసుకుంటున్నారా?" అన్నారు మాస్టరు.

యజమాని ఆయన కాళ్ళ దగ్గర కూలబడి జరిగిందంతా ఏకరువు పెట్టాడు. తరవాత పూలషాపు ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, మీ పూలు..."

"అదే కదండీ, పొద్దుటినుంచీ చెబుదామంటే మీరు చిక్కితేనా!" అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "నిన్న నా పూలపెట్టె, అదేనండీ పూలు దాచే ఫ్రిజ్జు, పాడైపోయింది. పెద్ద పెళ్ళి ఆర్డరు. బకెట్లలో సర్ది, పొద్దుటికి వాడిపోతాయని ఏడుస్తూ ఇంటికెళ్ళాను. పొద్దున చూస్తే గది మంచుకొండలా ఉంది, పూలు అప్పుడే కోసినట్టున్నాయి. ఆ తరవాత ఇంకాస్త చల్లగా పెట్టారు కూడాను. ఇక చాలని చెబుదామని వస్తే మీ ఇంటావిడ పంపించేసిందాయె! నాకు జలుబు చేసింది గానీ పెళ్ళి గట్టెక్కింది. ఇవిగోండి, మీకే."

ముగ్గురూ ఒక్కసారి గోడలోని మిషను వైపు చూశారు. బావమరిది జేబులోంచి తాను గీసిన గది బొమ్మ తీసి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఓహో" అన్నాడు.

మాస్టరు నెమ్మదిగా లోపలికి వెళ్ళి, ఒక వెచ్చటి సీసాను చేతిలోకి తీసుకుని, పకపకా నవ్వారు. అంతలా నవ్వడం శిష్యుడు ఎప్పుడూ చూడలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇవి నా వంటింట్లో ఎక్కడుండేవో తెలుసా? పొయ్యి పైన అరలో! ఇన్నేళ్ళూ ఆ సెగకే కాగాయి. నేను చుక్క ముట్టనివాణ్ణి. నా చేతివంట తిని సంతోషించినవాళ్ళు ఇచ్చినవిరా ఇవి. వండుతూ తలెత్తితే కనబడాలని అక్కడ పెట్టుకున్నా. ఎవరో చెబితే ఓసారి ఒకటి తెరిచి చూశా, పుల్లటి వెనిగర్! వీటిలో వైను ఎప్పుడో పోయింది. ఇచ్చినవాళ్ళ మంచితనమే మిగిలింది. పారేయడానికి మనసొప్పక నీకు పంపా, ఏ మూలో పెట్టుకుంటావులే అని. దీనికోసం గది కడతావని ఎవడనుకున్నాడు?"

"మరి లేబుళ్ళు కలిసిపోయాయి మాస్టరుగారూ. ఏది ఎవరిచ్చిందో..."

"కలవనీ. అందరికీ కలిపే దణ్ణం పెట్టుకుంటా" అని ఆయన నిజంగానే అరల ముందు నిలబడి చేతులు జోడించారు. తరవాత కళ్ళు తుడుచుకుంటూ శిష్యుడి భుజం పట్టుకుని, "నాకెవరూ ఇంతకుముందు గది కట్టలేదురా" అన్నారు. ఆ మాటకు యజమాని పసివాడిలా ఏడ్చేశాడు. బావమరిది ముక్కు ఎగబీల్చాడు. పూలషాపు ఆవిడకు ఎటూ జలుబే.

ఆ సాయంత్రం అయిదుగురూ ఒకే టేబులు దగ్గర కూర్చుని, మధ్యలో ఆ పూలగుత్తి పెట్టుకుని, కడుపునిండా తిన్నారు. పూలపెట్టె బాగయ్యేదాకా మిషను అలాగే ఉంది. బాగయ్యాక ఒక మెకానిక్కు వచ్చి దాన్ని తిప్పి బిగించాడు. తలుపుకు లోపలివైపు కూడా పిడి పెట్టించింది ఇల్లాలు.

ఆ రెస్టారెంటులో వైన్ సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు గానీ, వెనిగర్ చల్లిన సలాడ్ మాత్రం ఊళ్ళో ఇంకెక్కడా అలా కుదరదని అంటారు.