ఫ్యాను ఇచ్చిన సర్టిఫికెట్

ఆ రోజు పొద్దున్న కోడలు అనుకున్న పని చాలా చిన్నది. పేషెంట్లు రాకముందే మామగారికి వినికిడి పరీక్ష చేసేసి, అత్తగారితో కలిపి ఆయన్ని ఇంటికి పంపేయాలి. చెవులు పరీక్షించడమే ఆమె వృత్తి. బజారు వీధిలో మేడమీద రెండు గదుల క్లినిక్కు. లోపలి గదిలో స్పాంజి గోడలతో ఒక చిన్న అర, అందులో ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతిలో పట్టుకోవడానికి ఒక బటన్. బయట బల్ల మీద ఉన్న కంప్యూటరు సన్నటి కూతలు పంపుతుంది. కూత వినిపించినప్పుడల్లా లోపలి మనిషి బటన్ నొక్కాలి. అంతే.

మామగారు ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా యంత్రాల రొదలోనే గడిచింది. ఆయనకు చెవుడు వచ్చిన సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకు తప్ప. "నాకేం చెవుడు? మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు," అనేవారు. బతిమాలి, దెబ్బలాడి, చివరికి అన్నం మానేస్తానని బెదిరించి అత్తగారు ఆయన్ని మెట్లెక్కించేసరికి ఎండ ముదిరిపోయింది.

"అమ్మాయ్, ఎన్నిసార్లు పిలిచినా పలకరు. ఇల్లు తగలబడుతోందన్నా పేపరు తిప్పుకుంటారు. ఇవాళ తేలిపోవాలంతే," అన్నారామె.

పరీక్ష మొదలైంది. మామగారు బటన్ నొక్కారు. మళ్లీ నొక్కారు. పరువు నిలబెట్టుకునే మనిషి ఎంత శ్రద్ధగా నొక్కుతాడో అంత శ్రద్ధగా, ఆగి ఆగి నొక్కుతూనే ఉన్నారు. చీమ నడిచినంత చిన్న కూతకి కూడా ఆయన బటన్ పలికింది. కోడలు కళ్లు నులుముకుంది. ఎడమ చెవి అయ్యింది, కుడి చెవి అయ్యింది. ఈయనవి పాతికేళ్ల కుర్రాడి చెవులని కంప్యూటరు తేల్చేసింది.

ఆ మాట వినగానే అత్తగారు లేచి నిలబడ్డారు.

"అంటే ఇన్నేళ్లూ అన్నీ వినిపించాయన్నమాట," అన్నారు. "వినిపించే పలకలేదన్నమాట."

"ఏమంటోందమ్మా?" అని మామగారు కోడల్ని అడిగారు.

"చూశావా నటన!" అని అత్తగారు సంచీ తీసుకుని మెట్లు దిగిపోయారు.

మొదట మామగారు పొంగిపోయారు. కోడలు రాసిచ్చిన సర్టిఫికెట్టు పక్కింటాయనకి చూపించారు. వీధి చివర మందుల షాపాయనకీ చూపించారు. ఇంటికొచ్చేసరికి అన్నం గిన్నె బల్ల మీద ఉంది, మనిషి లేదు. అత్తగారు పక్కగదిలోకి మకాం మార్చేశారు. ఏదైనా చెప్పాల్సొస్తే గోడతో చెబుతున్నారు. గోడకి చెప్పినవి మామగారికి వినపడవు. వినపడకపోతే పలకరు. పలకకపోతే నేరం మరింత రుజువైపోతోంది.

వారం తిరక్కుండానే ఆయన క్లినిక్కుకి ఒంటరిగా వచ్చారు. గడ్డం గీసుకోలేదు.

"అమ్మా, నాకు చెవుడేనమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "ఒట్టు. పుట్టు చెవుడని రాసిచ్చినా సరే, సంతకం పెట్టేస్తాను."

కోడలికి జాలేసింది. కానీ మనసొప్పలేదు. మిషన్ చెప్పిందాన్ని కాదని ఎలా రాస్తుంది? ఆ ఆలోచనలో ఉండగానే, ఇనుప రేకుల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చాడు. వెనకాల సమ్మెట పనివాడొకడు తల వంచుకుని నిలబడ్డాడు. చెవులు పోతున్నాయి, వేరే పని ఇప్పించండని అతను మొన్ననే ఇక్కడ పరీక్ష చేయించుకున్నాడు. చెవులు అమోఘమని సర్టిఫికెట్టు వెళ్లింది.

"అంత బాగా వినపడేవాణ్ణి సమ్మెట దగ్గర ఎందుకు ఉంచాలని ఫోన్ దగ్గర వేశామండీ," అన్నాడు సూపర్‌వైజరు. "బోల్టులు కావాలంటే బెల్టులని రాసుకున్నాడు. లారీ నిండా బెల్టులొచ్చాయి. ఇప్పుడేం చెయ్యమంటారు, మా వాళ్లందరికీ తలా ఒకటి పెట్టమంటారా?"

"సరేనండీ, తప్పకుండా," అన్నాడు సమ్మెట పనివాడు, తననేదో అడిగారనుకుని.

కోడలి అనుమానం మిషన్ మీదకి మళ్లింది. అందర్నీ బయట కూర్చోబెట్టి తనే అరలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కూతలేవీ పంపకుండానే చెవిలో "జుయ్య్..." మని ఒక రొద లేచింది, తగ్గింది, మళ్లీ లేచింది. రోజూ తెరవగానే ఆమె విని చూసుకుంటుంది. అప్పుడు ఉండదు. గది వేడెక్కాక మొదలవుతుందన్నమాట! ట్యూబ్‌లైట్లు ఆర్పింది, పోలేదు. ఏసీ ఆపింది, పోలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారమే కంప్యూటరులో పాత ఫ్యాను తీసేసి కొత్తది వేయించింది.

మెకానిక్కు వచ్చి, పెట్టె మూత విప్పి, చెవి ఆనించాడు.

"చప్పుడేం లేదు మేడమ్. కావాలంటే చుక్క నూనె వేస్తాను."

"బయట లేదు బాబూ, హెడ్‌ఫోన్లో ఉంది."

"హెడ్‌ఫోన్లో ఫ్యాను ఉండదు మేడమ్," అన్నాడతను ఓపిగ్గా. అని నూనె వేశాడు.

ఆమె హెడ్‌ఫోన్లు అతని తలకి తగిలించి, ఫ్యాను ప్లగ్గు పీకేసింది. రొద టక్కున ఆగింది. మళ్లీ పెట్టింది. జుయ్య్. అతని ముఖం మారిపోయింది. కొత్త ఫ్యానుకీ, కూతలు పంపే కార్డుకీ కరెంటు ఒకే వైరు నుంచి వెళ్తోంది. ఫ్యాను వేగం మార్చుకున్నప్పుడల్లా దాని మోటారు చేసే అల్లరి ఆ వైరు మీదుగా చెవుల్లోకి దిగుతోంది. వచ్చినవాళ్లంతా ఇన్నాళ్లూ ఫ్యానునే విని బటన్ నొక్కారు. ఫ్యానుకి వేరే అడాప్టరు తగిలించి, ఆ వైరును దూరంగా తిప్పి కట్టాక, హెడ్‌ఫోన్లలో ఏ చప్పుడూ లేదు.

సమ్మెట పనివాడికి మళ్లీ పరీక్ష చేసి, స్టోరు గదిలో పని ఇమ్మని రాసిచ్చింది. అత్తగారికి ఫోన్ చేసి పిలిపించి, ఆమె కళ్లెదుటే మామగారిని కూర్చోబెట్టింది. ఈసారి బటన్ మూగబోయింది. రెండు చెవులూ సగానికి సగం పోయాయి.

"నే చెప్పలా!" అన్నారు మామగారు, గెలిచినవాడిలా.

అత్తగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన చెవి దగ్గరగా వంగి, "అయితే ఈ వారమంతా నేనన్నవి?" అని అడిగారు.

"ఏమన్నావు?"

"ఏం లేదులెండి," అని ఆమె ఆయన చొక్కా కాలరు సర్దారు.

మర్నాడే కోడలు మామగారికి రెండు చెవులకీ మిషన్లు అమర్చింది. నెల గడిచింది. ఒక మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"అమ్మాయ్, ప్రతిదానికీ జవాబు చెబుతున్నారే. మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతుంటే అవతలి గదిలోంచి తప్పులు దిద్దుతున్నారు. ఆ మిషన్ల సౌండు కాస్త తగ్గించడానికి వీలవుతుందా?"

కోడలు నోరు తెరిచేలోగా, వెనకెక్కణ్ణుంచో మామగారి గొంతు ఖంగుమంది: "వీలవదు!"

చికిత్స పూర్తిగా ఫలించిందని కోడలు రాసుకుంది.