సరస్సు ఒడ్డున రెండు నీటిగుర్రాలు

ఆ ఉదయం గైడు లింబికాని వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. లివొండే అడవిలో ఏనుగుల వెంట తిప్పిన డచ్చి అతిథుల్ని మలావీ సరస్సు ఒడ్డున దింపాలి. వాళ్ళు ఇసుకలో పడుకుంటారు. అతను మామిడిచెట్టు నీడలో పడుకుంటాడు. అంతే.

జీపు ఆగగానే విడిది యజమాని సోస్టెన్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

"రా తమ్ముడూ! అదృష్టవంతుడివి. మా వంటావిడ సెలవు పెట్టింది. బదులుగా ఇవాళే ఒకావిడ వచ్చింది. చంబో చేప వేపుతోంటే వాసనకే సగం ఆకలి తీరిపోతోంది."

లింబికాని లొట్టలేశాడు తప్ప, ఆవిడది ఏ ఊరని అడగలేదు.

అతిథులతో కలిసి ఇసుకలో నాలుగడుగులు వేశాడో లేదో, వంటగది తలుపు తెరుచుకుంది. చేపల బుట్ట పట్టుకుని ఒకావిడ బయటికొచ్చింది. ఎలినాటి. అతని అత్తగారు.

పెళ్ళయి ఏడాది కాలేదు. అత్తగారికి కోడిని పంపి, పెద్దల సమక్షంలో ఎదురుపడే అనుమతి ఇంకా తీసుకోలేదు. వాళ్ళ ఆచారంలో అప్పటిదాకా అల్లుడు ఆవిడ కంటపడకూడదు. దారిలో వస్తే పొదల్లోకి తప్పుకోవాలి. పైగా అతని కాపురం ఆవిడ ఊళ్ళోనే. మర్యాద తప్పాడని తెలిస్తే భార్య మేనమామ చాప చుట్టి చేతికిచ్చి ఊళ్ళోంచి సాగనంపుతాడు.

ఇక్కడ పొదలు లేవు. బోర్లించిన పడవ ఒకటుంది. లింబికాని దాని వెనక దబ్బున పడి, టోపీతో మొహం కప్పుకున్నాడు.

అతని వెనక మరికొన్ని దబ్బుమన్న చప్పుళ్ళు వినిపించాయి. 'నేను కూర్చుంటే కూర్చోండి, పడుకుంటే పడుకోండి, ఎందుకని అడగొద్దు' అని అడవిలో నేర్పింది అతనే. డచ్చి వాళ్ళు వరసగా ఇసుకలో బోర్లా పడి ఉన్నారు. వాళ్ళ నాయకురాలు హెన్రికె పాతికేళ్ళు బడి నడిపిన మనిషి. క్రమశిక్షణ అంటే ప్రాణం.

"ఏం జంతువు?" అని గొంతు తగ్గించి అడిగింది.

లింబికాని టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. నిన్ననే మగ ఏనుగు ఎదుట నిలబడి, భయమన్నది తన రక్తంలోనే లేదని ఆవిడతో అన్నాడు.

వలలు ఆరబెడుతున్న జాలరులు ఇటు చూశారు. తెల్లవాళ్ళు స్నానాల బట్టలతో పడుకోవడం మామూలే. బూట్లతో, కెమెరాలతో, మొహం ఇసుకలో పెట్టి పడుకోవడం మామూలు కాదు.

"నీటిగుర్రం వచ్చిందిరోయ్!" అని ఒకడు తేల్చేశాడు. క్షణాల్లో పడవలన్నీ ఒడ్డెక్కాయి. దాన్ని బెదరగొట్టడానికి సత్తు గిన్నెలు మోగాయి.

సోస్టెన్ రొప్పుతూ వచ్చాడు. "ఎక్కడ తమ్ముడూ? చూశావా?"

అత్తగారిని చూసి దాక్కున్నానని హెన్రికె ముందు ఎలా చెప్పడం? "చూశాను," అన్నాడు ఇసుకకేసి చూస్తూ.

సోస్టెన్ వంటగదికి పరుగెత్తాడు. అక్కడ ఎలినాటి నీళ్ళ డ్రమ్ము వెనక నక్కి ఉంది. ఆవిడా అల్లుణ్ణి చూసింది. అతన్ని చూసి నక్కానని చెబితే తనకీ తలవంపులే.

"నువ్వూ చూశావా అక్కా?"

"చూశానయ్యా," అంది ఆవిడ, కొంగుతో మొహం కప్పుకుని.

తుపాకీ పట్టుకుని అటవీ రక్షకుడు ఫోస్టినో వచ్చాడు. ముందు లింబికానిని అడిగాడు.

"ఎంతుంటుంది?"

అబద్ధమాడటం అలవాటు లేనివాడు కళ్ళ ముందు మెదిలినదే చెబుతాడు. "చిన్నదేనండి. నోరు మాత్రం పెద్దది."

తర్వాత వంటగదికెళ్ళి ఎలినాటిని అడిగాడు.

"పేద్దదయ్యా. మేసింది ఒంటికి బాగా పట్టింది. ఏ పనీ లేకుండా ఇసుకలో పొర్లుతోంది."

ఫోస్టినో మొహం నల్లగా పెట్టుకుని ఒడ్డుకి తిరిగొచ్చాడు. "అంటే రెండు. తల్లీ, పిల్లా. పిల్ల పక్కనుంటే తల్లి పడవని కొరికి రెండు చేస్తుంది. ఇవాళ ఎవరూ నీళ్ళలో దిగడానికి వీల్లేదు."

"వల వేయకపోతే ఇంటికేం పట్టుకెళ్తాం?" అన్నాడు ఒక ముసలి జాలరి. ఎవరి మీదా అరవలేదు. లింబికాని వైపు తిరిగి, "బతికించావు నాయనా. నువ్వు చూడకపోతే నా కొడుకు ఈపాటికి నీళ్ళలో ఉండేవాడు," అని అతని చేతులు పట్టుకున్నాడు.

తిట్టి ఉంటే తట్టుకునేవాడే. ఆ కృతజ్ఞతకి లింబికాని సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఇక దాచలేకపోయాడు.

"నీటిగుర్రం లేదు బాబాయ్. వంటగదిలోంచి మా అత్తగారొచ్చారు. నేను పడుకున్నాను. అంతే."

అక్కడున్న మగవాళ్ళందరూ ఎవరో ఒకరి అల్లుళ్ళే. ముసలాయన తల పంకించాడు. "మరి ముందే చెప్పొచ్చుగా! ఎవడైనా అదే చేస్తాడు."

లింబికాని ఊపిరి పీల్చుకోబోయాడు. ఫోస్టినో మాత్రం తుపాకీ భుజాన వేసుకుంటూ ఆగాడు.

"ఒక్క నిమిషం. అయితే చిన్నది, నోరు పెద్దది అని చెప్పింది... మీ అత్తగారి గురించా?"

వంటగదిలో గరిటె కిందపడిన చప్పుడు.

"అన్నా, మెల్లగా!" అని లింబికాని ఇసుకలో మళ్ళీ కూలబడ్డాడు. మేనమామ, చుట్టిన చాప, ఊరి పొలిమేర కళ్ళ ముందు తిరిగాయి.

"మరి ఆవిడ చెప్పిన పెద్దది," అన్నాడు ఫోస్టినో, పని పూర్తిచేయందే వదలని మనిషి, "ఒంటికి పట్టింది, పనీపాటా లేనిది, ఇసుకలో పొర్లేది... నువ్వన్నమాట!"

జాలరులు కడుపులు పట్టుకున్నారు. వంటగది తలుపు లోపల గడియ పడింది.

ముసలాయన నవ్వాపుకుని లింబికాని చెవిలో అన్నాడు. "భయపడకు. నీ మీద ఫిర్యాదు చేస్తే, తనేమన్నదో ఆవిడా చెప్పాలి. చెప్పదు."

హెన్రికె బట్టలు దులుపుకుంటూ లేచింది. "మీ రక్తంలో లేనిది ఏదో చెప్పారు నిన్న. గుర్తు రావడం లేదు," అంది ఎంతో మర్యాదగా. లింబికాని తన బూట్లకేసి చూసుకున్నాడు.

భోజనాల వేళ అందరికీ వేపిన చంబో, వేడి వేడి మొక్కజొన్న పిండి న్సిమా ముద్ద వచ్చాయి. లింబికాని ముందు సోస్టెన్ ఇంకో పళ్ళెం పెట్టాడు. దాన్నిండా ఉడకబెట్టిన ఆకులు. ఉప్పు కూడా లేదు.

"నా చేప ఏదన్నా?"

"అడిగాను తమ్ముడూ. నీటిగుర్రాలు చేపలు తినవంట."

లింబికాని తలెత్తకుండా మేశాడు.