ఏడాదికి సరిపడా తప్పులు

"వాక్యాన్ని నిలబెట్టేది కర్తా కాదు, క్రియా కాదు. కంజంక్షన్! అది సరిగ్గా పడని ఇంగ్లీషు ఉత్తరం ఈ ఆఫీసు గడప దాటదు."

ఆరేళ్ళ కిందట మా ఆఫీసరుగారు కొత్తగా వచ్చిన రోజున చేసిన ప్రకటన ఇది. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆ రోజు నుంచి ఉత్తరాలు నిజంగానే గడప దాటడం మానేశాయి. వెనకాల మేమంతా ఆయన్ని మోరోవర్‌గారంటాం. టీ చెప్పినా "మోరోవర్, చక్కెర తక్కువ" అనేవారు మరి.

ఆయన దగ్గర ఎర్ర పెన్నొకటుంది. ఏ డ్రాఫ్టు వెళ్ళినా అందులో ఓ తప్పు దొరకాలి, దాన్ని కొట్టెయ్యాలి, పైన సరైన మాట రాయాలి, అప్పుడే సంతకం. దొరకలేదా, ఆయనకి అనుమానం. వీళ్ళేదో దాచారని ఫైలు సొరుగులో పడేసేవారు. మంచినీళ్ళ ఫిల్టరు బాగుచేయించమని రాసిన ఉత్తరం, ఒక్క తప్పూ లేని పాపానికి, నాలుగు నెలలు ఆ సొరుగులోనే ఉంది. మేం ఇళ్ళ నుంచి సీసాలు మోసుకొచ్చుకున్నాం.

ఆ డ్రాఫ్టులు రాసే గుమాస్తాని నేనే. ఐదో నెలలో నా బుర్ర వెలిగింది. ఫిల్టరు ఉత్తరం మళ్ళీ రాసి, రెండో పేరాలో ఒకే వాక్యంలో 'ఆల్దో', 'బట్' రెండూ ఇరికించాను. ఆయన చూశారు. మొహం చాటంత అయింది. "ఆల్దో కాపురమున్న ఇంట్లో బట్‌కి చోటెక్కడిదయ్యా?" అని మురిసిపోయి, బట్‌ని కొట్టేసి, సంతకం పెట్టేశారు. వారం తిరక్కుండా ఫిల్టర్లో నీళ్ళు.

ఇక నా బల్ల ముందు క్యూ! స్టోర్సు చూసే ఆవిడ కుర్చీల ఫైలు పట్టుకొచ్చి, అన్నయ్యా, దీంట్లో ఒక తప్పు వేసిపెట్టవూ అని బతిమాలేది. మెల్లగా సైజులు కూడా ఏర్పడ్డాయి. ఒక్కరోజు సెలవుకి చిన్న తప్పు చాలు. ఫ్యాన్లకి మధ్యరకం. బీరువాకైతే ఒక వాక్యంలో మూడు 'యాండ్'లు, బీరువాకి అద్దం కూడా ఉంటే నాలుగు. రికార్డు గది పెద్దాయన తన రిటైర్మెంటు కాగితాలు తెచ్చి, కాస్త గౌరవమైన తప్పు చూడు బాబూ అన్నాడు. 'నెవర్దిలెస్' తీసి, ఉండకూడని చోట ఉంచి ఇచ్చాను. కళ్ళకద్దుకుని తీసుకెళ్ళాడు.

ఇంతమంది పనులు చేసిపెట్టిన నాకూ ఒక పనుంది. మా ఆవిడ వేరే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. ఆరేళ్ళుగా రెండు కాపురాలు. మీ నాన్నగారేం చేస్తారని బళ్ళో టీచరడిగితే, మా పాప "ఆదివారం వస్తారు" అని చెప్పిందట. ఇప్పుడా ఊళ్ళో మా ఆఫీసులోనే ఒక ఖాళీ పడింది. బదిలీ దరఖాస్తు ఆఫీసరుగారి సంతకంతో శుక్రవారం సాయంత్రంలోగా హెడ్డాఫీసుకి వెళ్ళాలి.

సోమవారం ఇచ్చాను. సొంతపని కదా, ఇన్నేళ్ళుగా ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న తప్పొకటి పెట్టాను. ఆయన పట్టుకున్నారు, కొట్టేశారు, పెన్ను మూసేశారు. ఇలాంటి ఇంగ్లీషు రాసేవాణ్ణి వేరే ఆఫీసుకి పంపితే తన పరువేం కావాలని కాగితం తిరిగిచ్చేశారు.

బుధవారం వెంట్రుకంత తప్పు కూడా లేకుండా రాసిచ్చాను. మూడుసార్లు చదివారు. కిటికీ దగ్గరికెళ్ళి వెలుతుర్లో పట్టుకుని చూశారు. ఇంత చక్కటి ఇంగ్లీషు రాసేవాణ్ణి వదులుకుంటే ఆఫీసుకి తీరని నష్టమన్నారు. సొరుగు లాగారు.

ఆ సాయంత్రం ఫోన్లో సంగతంతా విని మా ఆవిడ, ఆరేళ్ళుగా ఆయనకి రాస్తూనే ఉన్నారు, ఒక్కసారి నోటితో అడిగి చూడండి అంది. ఈ పద్ధతి నాకు తట్టనేలేదు సుమండీ!

గురువారం పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. "సార్, తప్పుంటే పంపరు, లేకపోతే పంపరు. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన లేచి గది తలుపు వేశారు. వచ్చి కూర్చున్నారు. ఎర్ర పెన్ను అటూ ఇటూ తిప్పారు.

"నువ్వెళ్ళిపోతే నేనేం దిద్దాలయ్యా?"

ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు.

"కావాలని పెడుతున్నావని నాకు తెలీదనుకున్నావా? రెండో పేరాలో పెడతావు. చూసుకుంటాను. కొత్తవాడొస్తే ఎక్కడ పెడతాడో ఏమిటో. అసలు పెట్టకపోతే?"

చివరికి బేరం కుదిరింది. ఏడాదికి సరిపడా తప్పులు నోటుబుక్కులో రాసిచ్చి వెళ్ళాలి. కొత్త గుమాస్తా రోజుకొకటి డ్రాఫ్టులోకి ఎక్కిస్తాడు. మిగతా పనులన్నీ పక్కనపెట్టి కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి రెండువందల నలభై తప్పుడు వాక్యాలు తయారు. వేళ్ళు వంకర్లు పోయాయి.

ఆయన పేజీలు తిరగేశారు. బాగున్నాయన్నారు. తర్వాత మెడ గోక్కున్నారు. గొంతు తగ్గించారు.

"పక్క పేజీలో... సరైనవి కూడా రాసిపెడతావా?"

అవీ రాసిపెట్టాను. ఐదు కావస్తుండగా, అప్పటికప్పుడు గబగబా కొత్తగా రాసిన నా దరఖాస్తు మీద ఆయన చదవకుండానే సంతకం పెట్టేశారు.

దాన్ని టపాలో పంపేసి, ఇంటికెళ్ళి నకలు చూసుకున్నాను. మూడో లైన్లో తప్పు! నేను పెట్టింది కాదు, పడింది. రోజున్నర పాటు తప్పులే రాసిన చెయ్యి అలవాటుగా రాసేసింది. హెడ్డాఫీసంటే కామా పోయినా కాగితం తిప్పికొట్టే చోటు. పదిహేను రోజులు నాకు అన్నం సయించలేదు.

పదహారో రోజున ఆర్డరొచ్చింది. తమ దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించిన మీదట తమ కోరిక మన్నించడమైనది అని ఇంగ్లీషులో ఉంది. ఆ కింద నా వాక్యమే మక్కీకి మక్కీ దించారు, తప్పుతో సహా. దాని కింద నలుగురు పెద్దవాళ్ళ సంతకాలు.

ఆ నలుగురికీ డ్రాఫ్టులు రాసే మహానుభావుడెవరో నాకు తెలీదు. చూసే ఉంటాడు. పాపం, ఎవరో కావాలని పెట్టుకున్నారు, మనం ముట్టుకోకూడదులే అనుకుని ఉంటాడు.